మీ ఊరికి భారత్‌నెట్ కోసం అర్జీ ఎలా పెట్టాలి?

“మా గ్రామానికి ఇంటర్నెట్ సౌకర్యం కల్పించవలసిందిగా కోరుచున్నాము.” భారత్‌నెట్ కోసం, అంటే పంచాయతీలకు ఫైబర్ కేబుల్ ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే కేంద్ర పథకం కోసం, పంచాయతీల నుంచి వెళ్లే అర్జీల్లో చాలావాటిలో అసలు విషయం ఈ ఒక్క వాక్యమే. కింద సర్పంచ్ గారి సంతకం, స్టాంపు, వెనక నాలుగు పేజీల వేలిముద్రలు. అది ఎంపీడీవో ఆఫీసు నుంచి జిల్లాకు, అక్కడి నుంచి టెలికాం వాళ్ల దగ్గరకు చేరుతుంది. వాళ్లు రికార్డు తీసి చూస్తే మీ పంచాయతీకి ఎప్పుడో కనెక్షన్ ఇచ్చేసినట్టు ఉంటుంది. ఫైలు క్లోజ్. ఊళ్లో చూస్తే పంచాయతీ ఆఫీసు బీరువా మీద ఆ కనెక్షన్‌తో ఇచ్చిన ఇంటర్నెట్ పెట్టె బూజు పట్టి ఉంటుంది.

ఇలాంటి అర్జీలు రాసిపెట్టడం నాకు అలవాటైన పని. అందరూ ఒకే చోట పొరపాటు పడుతుంటే చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు ఏ డబ్బు అడుగుతున్నారో తెలుసుకోండి

పల్లెల్లో టెలికాం కోసం కేంద్రం ఖర్చు పెట్టే డబ్బు డిజిటల్ భారత్ నిధి నుంచి వస్తుంది. 2002లో మొదలైనప్పుడు దీని పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. 2023 టెలికాం చట్టంతో పేరు మారింది. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 5 శాతం దీనికి కడతాయి. అంటే మీరు చేయించే ప్రతి రీఛార్జిలో ఈ నిధికి పోయే వాటా ఉంది. కాబట్టి అర్జీలో ‘దయతలచి’ లాంటి మాటలు అక్కర్లేదు.

ఈ నిధి నుంచి 2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో మీకు పనికొచ్చేవి మూడు. పంచాయతీ కేంద్రాలకు లైన్ వేసి 10 ఏళ్లు నిర్వహించడం ఒకటి. పంచాయతీ కేంద్రం కాని శివారు గ్రామాలకు, అడిగితేనే, లైన్ ఇవ్వడం రెండోది. స్థానికంగా ఉండే ఉద్యమి, అంటే కనెక్షన్ల వ్యాపారం నడిపే ఊరి మనిషి, ద్వారా ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం మూడోది; దీనికి దేశం మొత్తం మీద కోటిన్నర ఇళ్లు లక్ష్యం. అసలు ఫోన్ సిగ్నలే లేని ఊరైతే అది వేరే పద్దు. 2022లో 26,316 కోట్లతో మొదలైన 4జీ టవర్ల పథకం కింద అడగాలి. ఒకే కాగితంలో టవరూ ఫైబరూ కలిపి అడిగారంటే రెండు సెక్షన్ల మధ్య ఆ కాగితం తిరుగుతూనే ఉంటుంది.

కొందరు సర్పంచులు ఆర్థిక సంఘం నిధులతో మనమే కేబుల్ లాగించుకుందాం అంటారు. 2021-26కి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టారు. మిగిలిన దాంతో వీధి దీపాలు చూసుకోవాలా, రోడ్లు చూసుకోవాలా? కేబుల్ లాగడం ఒక్కరోజు పని. అది తెగినప్పుడల్లా అతికించేదెవరు? నా సలహా వద్దనే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

కెమెరా ఉన్న ఫోన్, తెల్లకాగితాలు, పంచాయతీ ఎల్‌జీడీ కోడ్ (ప్రభుత్వ జాబితాలో మీ పంచాయతీకి ఉన్న నంబరు). కోడ్ కార్యదర్శి గారికి తెలిసే ఉంటుంది, లేదంటే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ సైట్‌లో దొరుకుతుంది. రామాపురాలు, కొత్తపల్లిలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కదా, అందుకే కోడ్ లేకుండా ఊరి పేరు ఎక్కడా రాయొద్దు. తెలంగాణలో ఇంకో చిక్కుంది. 2018లో తండాలు, గూడేలు కలిపి నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు వచ్చాయి. మీది అందులో ఒకటైతే టెలికాం రికార్డులో ఇంకా పాత పంచాయతీ కిందే ఉందేమో చూసుకుని, పాత పేరూ కొత్త పేరూ రెండూ రాయండి.

ఆధార్ జిరాక్సులు జత చేయొద్దు. వాటితో ఇక్కడ పని లేదు.

అసలు కష్టం ఇక్కడే: ఉన్నది ఉన్నట్టు రాయడం

‘నెట్ పనిచేయడం లేదు’ అని రాస్తే ఏమీ రాయనట్టే. లైన్ రాలేదా, వచ్చి తెగిందా, లైన్ బాగుండి పెట్టె పోయిందా, అన్నీ బాగుండి ప్లాన్ ఆగిపోయిందా? ఒక్కోదానికి బాధ్యులు వేరు, డబ్బు వేరు. ఇది తేల్చకుండా రాస్తే జవాబు ఎప్పుడూ ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అనే వస్తుంది.

కాబట్టి పెట్టె దగ్గరకు వెళ్లండి. పంచాయతీ ఆఫీసులో లేకపోతే బడిలోనో పోస్టాఫీసులోనో పెట్టి ఉండొచ్చు, అడగండి. ఎక్కడా లేకపోతే అదే రాయండి, అది చాలా పెద్ద విషయం. పాత దశలో ఇచ్చిన పెట్టె అయితే ముందువైపు లైట్లు చూడండి. పవర్ లైటు వెలగకపోతే ముందు అడాప్టర్, ప్లగ్గు, బ్యాటరీ చూసుకోవాలి. మొదటి దశలో చాలాచోట్ల పెట్టెతో పాటు బ్యాటరీ, సోలార్ పలక కూడా ఇచ్చారు. పవర్ ఉండి, ఎల్‌ఓఎస్ (LOS) అని రాసున్న చోట ఎర్రలైటు కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. దారిలో ఎక్కడో తెగింది. పాన్ (PON) అనే చోట పచ్చలైటు నిలకడగా ఉండి కూడా నెట్ రాకపోతే లైన్‌కు ఏమీ కాలేదు. లోపం పైన పరికరాల దగ్గరో సెట్టింగ్‌లోనో ప్లాన్‌లోనో ఉంది. ఈ మూడింటిలో మీది ఏదో అర్జీ మొదటి పేరాలోనే ఉండాలి.

పసుపు రంగులో సన్నటి వైరు ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు. పీకి మళ్లీ పెడితే కొనకు దుమ్ము అంటి, బాగున్న లైన్ కూడా పాడవుతుంది. పీకిన కొనలోకి కన్ను పెట్టి చూడటం ఇంకా ప్రమాదం, ఆ లేజర్ కంటికి కనిపించదు. కేబుల్ టీవీ కుర్రాడిని పిలిచి అతికించుకోవడం కూడా వద్దు. తర్వాత వచ్చే మనిషి ‘మీరే కెలికారు’ అని రాసుకుపోతాడు, దానికి మీ దగ్గర జవాబుండదు.

లైట్లు కనిపించేలా వీడియో తీయండి. ఆఫీసు బోర్డు దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా లోపలికి నడిచి, పెట్టె దాకా ఒకే షాట్. తేదీ నోటితో చెప్పండి. ఒక్క వీడియో చాలదు. ‘ఆ రోజు కరెంటు లేదండీ’ అంటారు, అందుకే వారం పది రోజుల ఎడంతో కనీసం మూడు తీయాలి. ప్రతిసారీ గదిలో ఫ్యాన్ తిరుగుతుండటం కూడా చూపించండి. చిన్న విషయమే కానీ కరెంటు సాకు అక్కడితో ఆగిపోతుంది.

స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు నాకు నచ్చవు. అది వైఫైదో సెల్ డేటాదో ఎవరూ తేల్చలేరు. పైగా 2023 నుంచి మన దేశంలో 2 ఎంబీపీఎస్ వస్తే చాలు, రూల్ ప్రకారం అది బ్రాడ్‌బ్యాండే. స్లోగా ఉందని వాదనకు దిగితే ఓడిపోయేది మీరే.

ఇది సగం పనే. మిగతా సగం వాళ్ల రికార్డులో ఏముందో కాగితం మీద తెప్పించడం. సమాచార హక్కు చట్టం కింద రెండు ప్రశ్నలు చాలు: ఫలానా కోడ్ గల పంచాయతీ భారత్‌నెట్ కింద ఏ తేదీన సిద్ధమైనట్టు నమోదైంది? గత ఆరు నెలల్లో ఆ లింక్ నెలవారీగా ఎన్ని గంటలు పనిచేసింది? ‘ఎందుకు పనిచేయడం లేదు’ అని అడగొద్దు. ఆ చట్టం రికార్డులో ఉన్నది ఇమ్మంటుంది, సంజాయిషీ చెప్పమనదు. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు.

దరఖాస్తు ఎవరికి? కొన్ని మండలాల్లో లైన్ మొదటి దశలో కేంద్ర సంస్థలు వేసినది. రెండో దశ మాత్రం రాష్ట్ర ప్రభుత్వ సంస్థలైన ఏపీ ఫైబర్‌నెట్ (ఆంధ్రాలో), టీ-ఫైబర్ (తెలంగాణలో) చేతుల మీదుగా జరిగింది. ఎవరిదో తెలియకపోతే బీఎస్ఎన్ఎల్‌కే పెట్టండి. తమది కాకపోతే సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి.

ఆ జవాబు పక్కన మీ వీడియో పెట్టినప్పుడు అర్జీకి బలం వస్తుంది. ‘మీ రికార్డు ప్రకారం ఫలానా నెలంతా లింక్ నడిచింది, అదే నెలలో తీసిన వీడియోలో ఎర్రలైటు కనిపిస్తోంది’ అని రాస్తే ఆ ఫైలు క్లోజ్ చేయడానికి ఎవరైనా ఆలోచిస్తారు.

తెగిందని తేలితే ఎక్కడో కూడా ఊహించి రాయండి. ఆంధ్రాలో ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వెళ్తుంది, గాలివాన తర్వాత వేలాడే కేబుల్ కంటికే కనిపిస్తుంది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల వెంట భూమిలో వేశారు కాబట్టి ఈమధ్య జేసీబీ ఎక్కడ తవ్విందో ఊళ్లో అడగండి. తవ్వే ముందు కేబుల్ వాళ్లకు చెప్పడానికి కేంద్రం 2023లో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. మీ కాంట్రాక్టర్ దాన్ని తెరిచి చూశాడేమో ఆయన్నే అడగండి.

ఇళ్ల జాబితా

ఇంటి కనెక్షన్లు కావాలంటే వేలిముద్రల పేజీలు పక్కన పడేయండి. ఇంటి నంబరు, ఫోన్ నంబరు, నెలకు ఎంత కట్టగలరు, ఈ మూడు గడులు చాలు. డబ్బు కట్టే ఇరవై ఇళ్లుంటే ఉద్యమికి గిట్టుబాటు లెక్క తేలుతుంది. ఊరికే సంతకం పెట్టిన రెండొందల మందితో ఏమీ తేలదు. ఏపీలో ఫైబర్‌నెట్ మొదట్లో 149 రూపాయలకే టీవీతో కలిపి ఇచ్చిన సంగతి జనానికి ఇంకా గుర్తుంది, అందరూ ఆ అంకే చెబుతారు. ఇప్పటి ప్లాన్ ధర ముందే చెప్పి, అప్పుడు పేరు రాసుకోండి.

తీర్మానం, పంపడం

తీర్మానం గ్రామసభలో పెట్టించండి. ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 లాంటి రోజుల్లో ఎలాగూ సభ ఉంటుంది. శివారు గ్రామానికి అడుగుతుంటే ‘డిమాండ్ ఆధారంగా’ అనే మాట తీర్మానంలో తప్పక ఉండాలి, ఆ పద్దు నడిచేదే దాని మీద.

అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఒక ప్రతి ఎంపీడీవోకు, ఒకటి బీఎస్ఎన్ఎల్ జిల్లా ఆఫీసుకు, ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కౌంటర్లో ఇవ్వండి. ఆన్‌లైన్ ఫిర్యాదు ఒక్కటే పెట్టి ఊరుకుంటే ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. మూడు చోట్లా రసీదు తీసుకుని, నంబరు పంచాయతీ రిజిస్టర్లో ఎక్కించండి. కార్యదర్శులు బదిలీ అవుతుంటారు, రిజిస్టర్ అక్కడే ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసులో పైఅధికారికి మొదటి అప్పీలు వేయండి. కేంద్ర సంస్థ అయితే దానికి ఫీజు కూడా లేదు.