మహేంద్రగిరి ఎక్కే ముందు మోకాలి బెల్టు: రెండు వారాల ముందే చూసుకోవాల్సినవి

శివరాత్రి ఇంకా నెల ఉందనగానే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో "ఈసారి కొండకి వెళ్తున్నారా?" అన్న పలకరింపులు మొదలవుతాయి. కొండంటే మహేంద్రగిరే. 1,501 మీటర్ల ఎత్తు, పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత రాతి గుళ్లు. మాఘ బహుళ చతుర్దశి నాడు ఒడిశా వాళ్లూ శ్రీకాకుళం వాళ్లూ కలిసే దర్శనానికి నిలబడతారు. మందస వైపు నుంచి నడిచి ఎక్కేవాళ్లు కొందరు, మా వైపు నుంచి చాలావరకు బండి మీద వెళ్లి మిగతాది నడిచేవాళ్లు కొందరు. ఎలా వెళ్లినా పైన గుడికీ గుడికీ మధ్య ఎగుడుదిగుడు రాళ్ల మీద నడక తప్పదు.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు చాలామంది ప్రయాణం రేపనగా మందుల షాపుకి వెళ్లి ఒక బెల్టు కొనుక్కుని, కొండ మొదట్లో దాన్ని మొదటిసారి తొడుక్కుంటారు. ఆ ఒక్క అలవాటు మాన్పించాలనే ఇది రాస్తున్నాను.

మూడేళ్ల కిందట మా పెద్దక్క విషయంలో మేమూ అదే చేశాం. అక్కకి షుగర్ ఉంది, కుడి మోకాలు లోపలి వైపు నొప్పి ఉంది. షాపులో సైజు అడిగితే "మనిషి కొంచెం ఒళ్లు, ఎల్ ఇవ్వండి" అన్నాం. తొడిగి చూస్తే బిగుతుగా ఉంది. "బిగుతుగా ఉంటేనే పట్టు" అన్నాడు షాపతను, మేమూ నమ్మాం. కొండ మీద రెండు గంటలు గడిచేసరికి అక్క పిక్క ఉబ్బింది, పాదం తిమ్మిరెక్కింది. "చెప్పులో కాలుందో లేదో తెలియట్లేదురా" అంది. బెల్టు తీసి చూస్తే మోకాలి వెనక మడతలో చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. నేనూ బావా చెరో పక్క పట్టుకుని దింపాం. ఆ తర్వాత ఎముకల డాక్టరు చూసి, అక్క నొప్పికి ఆ రకం బెల్టే సరికాదన్నారు.

నొప్పి ఎక్కడ?

షాపుకి వెళ్లే ముందు ఇంట్లో కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న చోట ఒక్క వేలు పెట్టండి. చిప్ప చుట్టూనా, చిప్ప కిందనా, లోపలి పక్కనా, వెనకా? ఎప్పుడు వస్తోంది, దిగేటప్పుడా, కూర్చుని లేచేటప్పుడా? మనం "నీ క్యాప్" అని ఒకే పేరు పెట్టి అడిగేవాటిలో నాలుగైదు వేరు వేరు వస్తువులున్నాయి.

మామూలుగా దొరికేది గొట్టంలా తొడుక్కునే సాగుడు గుడ్డది. వయసుతో వచ్చే కొద్దిపాటి నొప్పికి, కాస్త వాపుకి ఇది చాలు. ఇది మోకాలికి వెచ్చదనం ఇస్తుంది, కొంచెం అదిమి ఉంచుతుంది, కాలు ఎలా పెడుతున్నామో గమనిక పెంచుతుంది. ఇది చేసే పని అంతే. అరిగిన కీలుని బాగు చెయ్యదు, తెగిన లిగమెంటుని, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీని, అతికించదు.

నొప్పి చిప్ప చుట్టూ ఉండి, మెట్లు దిగేటప్పుడు ఎక్కువైతే, చిప్ప దగ్గర గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ మెత్తటి రింగు ఉన్న రకం చూడండి. చిప్ప పక్కకి జారకుండా ఆ రింగు ఆపుతుంది. చిప్పకి సరిగ్గా కింద నొప్పైతే సన్నటి పట్టీ ఒకటి దొరుకుతుంది. వాలీబాల్ ఆడే కుర్రాళ్లకీ, ఆర్మీ సెలెక్షన్ల కోసం తెల్లవారుజామున పరుగెత్తేవాళ్లకీ తరచు కావాల్సింది ఇదే.

మోకాలు పక్కకి వాలిపోతున్నట్టు ఉంటే, లేదా పక్క లిగమెంటు సాగిందని డాక్టరు చెప్పి ఉంటే, రెండు పక్కలా లోహపు బద్దీలూ కీలూ ఉన్న హింజ్ బ్రేస్ వాడాలి. దాన్ని డాక్టరో ఫిజియోథెరపిస్టో చూసి చెప్పాకే కొనాలి. మా అక్కలా లోపలి వైపే అరిగి, కాళ్లు దొడ్డికాళ్లుగా మారుతున్నవాళ్లకి భారాన్ని లోపలి వైపు నుంచి కొంత తప్పించే ప్రత్యేకమైన బ్రేసులున్నాయి. వాటిని మనిషికి సరిపడేలా అమర్చాలి, ధర కూడా ఎక్కువే. తొడ నుంచి పిక్క దాకా కాలు వంగకుండా పట్టి ఉంచే పొడుగు బ్రేస్ ఆపరేషన్ తర్వాతో ఎముక విరిగినప్పుడో వాడేది. పక్కింట్లో వాడకుండా పడి ఉంది కదా అని దాన్ని కొండకి తీసుకెళ్లకండి.

కొలత

సైజు మనిషిని చూసి చెప్పేది కాదు, టేపుతో కొలిచి తేల్చుకునేది. కాలు చాపి, చిప్ప మధ్య మీదుగా టేపు చుట్టి సెంటీమీటర్లలో రాసుకోండి. కొన్ని కంపెనీలు చిప్పకి ఆరు అంగుళాల పైన, అంటే దాదాపు 15 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత కూడా అడుగుతాయి. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీకి ఎమ్ అవుతుంది కాబట్టి అట్టపెట్టె మీద ముద్రించిన పట్టికతో సరిచూసుకోవాలి. సాయంత్రానికి కాళ్లు వాచేవాళ్లు సాయంత్రం కొలుచుకోండి. రెండు మోకాళ్లూ ఒకే కొలత ఉండాలని కూడా లేదు.

తొడిగాక పై అంచులో రెండు వేళ్లు దూరాలి. అస్సలు దూరకపోతే బిగువు, మూడు నాలుగు దూరితే వదులు. పది నిమిషాలు నడిచి, గుంజీ తీసినట్టు కొద్దిగా వంగి లేచి చూడండి. వెనక మడతలో గుడ్డ ముద్దగా పోగైతే, కొండ మీద పుండు పడేది అక్కడే. చీర మీద నుంచి, ప్యాంటు మీద నుంచి కట్టుకున్నవాళ్లని నేను చూశాను. రెండు మలుపులు తిరిగేసరికి జారి పిక్క మీదికి దిగుతుంది. మామూలుగా నేరుగా చర్మం మీదే తొడుక్కోవాలి. ఆడవాళ్లకి ఆ రోజు పంజాబీ డ్రెస్సు వీలుగా ఉంటుంది. నియోప్రీన్ అనే రబ్బరులాంటి గుడ్డ కొందరికి పడదు, దద్దుర్లు వస్తాయి. అలాంటివాళ్లు గాలాడే అల్లిక గుడ్డది తీసుకోవాలి. మధ్యాహ్నం ఎండలో దిగేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక ఆ రెండు వారాల సంగతి. మొదటి రోజు అరగంట చాలు. తర్వాత గంట, ఆపైన కొండ మీద ఎంతసేపు నడుస్తారనుకుంటే అంతసేపు. తీసిన ప్రతిసారీ చర్మం చూసుకోండి. గీతల్లా పడిన గుర్తులు కాసేపట్లో పోతే పర్వాలేదు. బొబ్బ, తిమ్మిరి, కాలివేళ్లు చల్లబడటం, నీలంగా మారడం, బెల్టు కింది భాగం వాయడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ బెల్టు మీకు సరిపోలేదు. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే బిగువు తెలియదు. వాళ్లు నొప్పి వచ్చేదాకా ఆగకుండా గంటకోసారి తీసి కళ్లతో చూసుకోవాలి. పిక్కల్లో నరాలు ఉబ్బినవాళ్లూ, కాలి రక్తనాళాల్లో గడ్డ కట్టిన చరిత్ర ఉన్నవాళ్లూ డాక్టర్ని అడక్కుండా బిగువు బెల్టు వేసుకోకూడదు. డాక్టరు చెప్తే తప్ప రాత్రి పడుకునేటప్పుడు ఎవరూ వేసుకోవద్దు.

ఆ రెండు వారాల్లోనే తొడ కండరాలకి కూడా కొంచెం పని పెట్టండి. వెల్లకిలా పడుకుని, ఒక కాలు మడిచి, రెండో కాలు చాచి అడుగు ఎత్తు లేపి, అయిదు లెక్కపెట్టి దించాలి. పదేసి సార్లు, పూటకోసారి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఇంకోటి. నొప్పి పెరిగితే ఆపేయండి. నెల ముందు నుంచే మొదలుపెడితే ఇంకా మంచిది. నన్నడిగితే బెల్టు కన్నా ఇదే ఎక్కువ కాపాడుతుంది. అయినా దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు.

దిగేటప్పుడే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అందరూ ఎక్కడానికే భయపడతారు. మోకాలికి కష్టం దిగేటప్పుడు. కృత్రిమ మోకాలి కీలులో సెన్సర్లు పెట్టి కొలిచిన పరిశోధనల్లో, చదును నేల మీద నడిచేటప్పుడు కీలు మీద శరీర బరువుకి సుమారు రెండున్నర రెట్ల భారం పడింది. మెట్లు ఎక్కేటప్పుడు మూడు రెట్లు దాటింది, దిగేటప్పుడు సుమారు మూడున్నర రెట్లకి చేరింది. అంటే 60 కిలోల మనిషి దిగే ప్రతి అడుగులో మోకాలు 200 కిలోలకి పైగా మోస్తోందన్నమాట. భుజాన నీళ్ల సీసాలు, ప్రసాదాల సంచి ఉంటే అదీ కలుస్తుంది. సంచి పిల్లలకి ఇచ్చెయ్యండి.

పైన కూర్చున్నంతసేపు బెల్టు వదులు చేసి, దిగే ముందు మళ్లీ సరిగ్గా వేసుకోండి. వెదురు కర్ర తప్పనిసరి. నొప్పి కుడి మోకాలికైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. ఎక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు కర్రతో పాటు నొప్పి కాలు. నిటారుగా కాకుండా వంకరటింకరగా, చిన్న అడుగులతో దిగండి. తెల్లవారుజామున మంచుకి గడ్డీ రాళ్లూ తడిసి జారతాయి, టార్చి చేతిలో ఉండాలి. వెనక పట్టీ ఉన్న చెప్పులో, పట్టు ఉన్న బూట్లో వేసుకోండి. చెప్పుల్లేకుండా ఎక్కుతామని మొక్కుకున్నవాళ్లని నేను కాదనలేను కానీ, పాదాల్లో స్పర్శ లేని షుగర్ మనిషి ఆ మొక్కు మొక్కకూడదని మా ఇంట్లో అయితే గట్టిగా చెప్పాను.

నొప్పి మాత్ర వేసుకుని ఎక్కేవాళ్లున్నారు. బీపీ, కిడ్నీ, అల్సర్ సమస్యలున్నవాళ్లకి ఆ మాత్రలు ప్రమాదం, అందులోనూ నీళ్లు సరిగ్గా తాగని రోజు. పైగా నొప్పి తెలియకపోతే ఎక్కడ ఆగాలో కూడా తెలియదు.

బెల్టుతో సరిపెట్టుకోకూడనివి

మోకాలు మెలితిరిగినప్పుడు టప్పుమని శబ్దం వచ్చి కొన్ని గంటల్లోనే బాగా వాచినా, నాలుగడుగులు కూడా కాలు మోపలేకపోయినా, మోకాలు సగంలో పట్టేసి చాపుకోలేకపోయినా, నడుస్తుంటే ఉన్నట్టుండి మడత పడిపోతున్నా, ముందు డాక్టరుకి చూపించాలి. జ్వరంతో మోకాలు ఎర్రగా, వేడిగా ఉంటే ఆ రోజే వెళ్లాలి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా అంతే, దాన్ని మర్దనా చెయ్యకండి. కబడ్డీలో దెబ్బ తగిలిన కుర్రాళ్లు క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మర్నాడే మళ్లీ ఆటలోకి దిగుతుంటారు. లోపల లిగమెంటు తెగి ఉంటే, బెల్టు ఇచ్చే ధైర్యంతో ఆడి గుజ్జు కూడా పాడు చేసుకుంటారు.

చూపించుకోవడానికి పర్లాకిమిడిలో జిల్లా ఆసుపత్రి ఉంది, పెద్ద పరీక్షలకి బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. ఆంధ్ర వైపు వాళ్లు శ్రీకాకుళం వెళ్తారు. ఒడిశా వైపు ఆసుపత్రికి వచ్చేవాళ్లకి ఒక మాట: మోకాలిని ఒడియాలో "ఆంఠు" అంటారు. అంబులెన్సుకి రెండు రాష్ట్రాల్లోనూ 108 నంబరే.

కొండ దిగి ఇంటికి వచ్చాక బెల్టుని చల్లటి నీళ్లలో కొద్దిగా సబ్బుతో ఉతికి, పిండకుండా నీడలో ఆరెయ్యండి. ఎండలో వేస్తే సాగుడు పోతుంది. సాగిపోయినదాన్ని వచ్చే ఏడాదికి దాచుకోకండి.

అక్క ఈసారి కొండకి బండి మీదే వస్తానంది, పైన కుంతి గుడి ఒక్కటే చూస్తుందట. డాక్టరు రాసిచ్చిన కొత్త బ్రేస్ వంటింటి తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. రోజూ సాయంత్రం అది కట్టుకుని, ఎడమ చేత్తో కర్ర పట్టుకుని, మహేంద్రతనయ నది ఒడ్డు దాకా నడిచి వస్తోంది. రాగానే చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, మోకాలి వెనక చర్మం చూడమని నన్ను పిలుస్తుంది.