దగ్గర్లోని లైబ్రరీని పూర్తిగా వాడుకోవడం ఎలా

మీకు దగ్గర్లో పబ్లిక్ లైబ్రరీ ఉండి, లోపలికి వెళ్ళి ఏళ్ళయిందంటే ఈ వారం ఒక్కసారి వెళ్ళండి. పుస్తకం తీసుకోకపోయినా పర్లేదు, ఒక గంట కూర్చుని ఎవరెవరు వస్తున్నారో చూడండి. ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్ళు, ఇంట్లో చదువుకోవడానికి చోటు లేని పిల్లలు, పేపర్ కోసం వచ్చి నలుగురినీ పలకరించి వెళ్ళే పెద్దవాళ్ళు. ఏమీ కొనకుండా, ఎందుకొచ్చావని ఎవరూ అడగకుండా అంతసేపు కూర్చోగలిగే చోట్లు చాలా తక్కువ. నాకు లైబ్రరీ మీద ఇంత ఇష్టం అందుకే.

మెంబర్‌షిప్ కార్డు తీసుకోండి. పిల్లలకి విడిగా ఇస్తారేమో కనుక్కోండి, తన పేరు మీద తనే ఎంచుకున్న పుస్తకం తెచ్చుకుంటే ఆ సంతోషం వేరు.

పుస్తకం వెతకడం కష్టమేమీ కాదు. చాలా లైబ్రరీలు అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ పద్ధతినే, అంటే విషయాన్ని బట్టి పుస్తకానికి అంకె ఇచ్చే పద్ధతినే వాడతాయి. పుస్తకం వెన్ను మీద 340తో మొదలయ్యే అంకె ఉంటే చట్టం, 610 అయితే వైద్యం, 630 అయితే వ్యవసాయం. అయినా దొరక్కపోతే లైబ్రేరియన్‌ని అడగండి, మొహమాటపడకండి. పుస్తకం పేరు తెలియకపోతే మీ అవసరమే చెప్పండి: "అమ్మకి షుగర్ వచ్చిందండీ, తేలిగ్గా అర్థమయ్యే పుస్తకం ఏదైనా ఉందా?" అంటే చాలు, మిగతాది వాళ్ళు చూసుకుంటారు. అక్కడ లేకపోతే వేరే లైబ్రరీ నుంచి తెప్పించే వీలుందేమో అడగండి, సలహాల రిజిస్టర్ ఉంటే అందులో రాయండి.

చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇష్యూ అయ్యాయి అన్న లెక్కలు చూపించి లైబ్రరీ తన బడ్జెట్‌ని కాపాడుకోవాలి, ఎన్నో ఏళ్ళు ఎవరూ తీసుకోని పుస్తకాన్ని అలమరాలోంచి తీసేయడం కూడా మామూలే. కాబట్టి విజిటర్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టండి, నచ్చిన పుస్తకాన్ని ఇష్యూ చేయించుకునే తీసుకెళ్ళండి. అక్కడే కూర్చుని చదివితే మీరే అలమరాలో పెట్టేయకుండా బల్ల మీదో, వాళ్ళు చెప్పిన చోటో వదిలేయండి. తప్పు వరసలో చేరిన పుస్తకం పోయినట్టే, మళ్ళీ ఎవరికీ దొరకదు.

పాత పుస్తకాలు ఇవ్వాలనుకుంటే ఏవి కావాలో ముందే కనుక్కోండి. సిలబస్ మారిపోయిన గైడ్లు మూటగట్టి పడేస్తే వాళ్ళకి అదనపు పని తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

ఇక టైమింగ్స్. మీరు పని నుంచి వచ్చేసరికి లైబ్రరీ మూసేస్తుంటే ఊరుకోకండి. సాయంత్రం ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచమని, ఎవరికి ఎందుకు అవసరమో రాసి, అక్కడికి వచ్చే పదిమందితో సంతకాలు పెట్టించి ఇవ్వండి. ఎవరికి ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో రాసుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి, నెల తర్వాత వెళ్ళి అడగడానికి పనికొస్తుంది.