ఎల్‌జీ జీ5: మాడ్యూల్ మార్చడం, కొనేముందు చూడాల్సినవి

2016లో వచ్చిన ఎల్‌జీ జీ5 ఫోన్ అడుగుభాగం డ్రాయర్‌లా ఊడి వస్తుంది. దాని స్థానంలో వేరే పనికొచ్చే ముక్క, అంటే మాడ్యూల్, తగిలించుకోవచ్చు. ఫోన్ అసలు బలం బ్యాటరీ: 2800 ఎంఏహెచ్‌ది, పాతబడితే మెకానిక్ అక్కర్లేకుండా మీరే మార్చుకోవచ్చు.

ముందు ఫోన్ ఆఫ్ చేయండి. ఎడమ అంచున కిందివైపు ఉన్న చిన్న బటన్ నొక్కి పట్టుకుని, అడుగుభాగాన్ని నిటారుగా లాగండి. బ్యాటరీ దానికే అంటుకుని వస్తుంది. బ్యాటరీని విడదీసి కొత్త మాడ్యూల్‌కి తగిలించి, క్లిక్‌మనేదాకా లోపలికి తోయండి. పక్కకి వంచి లాగితే అంచులు అరిగి సందు పడుతుంది, అందులో దుమ్ము చేరుతుంది.

పెద్ద లోపం ఇక్కడే ఉంది. బ్యాటరీ బయటికి వస్తే ఫోన్ ఆగిపోతుంది కాబట్టి మాడ్యూల్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఆన్ అయ్యేదాకా ఆగాలి. పిల్లాడు నవ్విన క్షణంలో కెమెరా మాడ్యూల్ తగిలించి ఫొటో తీయడం కుదరని పని! ఆ కెమెరా మాడ్యూల్ పేరు క్యామ్ ప్లస్; అందులో షట్టర్ బటన్, జూమ్ చక్రం, అదనంగా 1200 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నాయి. దాన్ని ఇంట్లోనే బిగించుకుని బయల్దేరండి. పాటల నాణ్యత పెంచే హై-ఫై ప్లస్ మాడ్యూల్ మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లకే.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే అడుగుభాగాన్ని రెండు మూడుసార్లు ఊడదీసి పెట్టి, ఛార్జింగ్, స్పీకర్, మైక్ పరీక్షించండి. ఛార్జింగ్ పోర్టు, స్పీకర్ ఉండేది ఆ ముక్కలోనే. తర్వాతి మోడల్ జీ6లో ఈ పద్ధతే తీసేశారు, 2021లో కంపెనీ ఫోన్ల వ్యాపారమే మానేసింది. అందుకని మాడ్యూల్స్ ఫోన్‌తోపాటే వస్తేనే తీసుకోండి.