అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లు కొలనోస్కోపీకి ముందు చూసుకోవాల్సినవి

పెద్దపేగు లోపలి పొరలో వాపు, పుండ్లు వచ్చే ఈ జబ్బు మొదలై 8 ఏళ్లయితే, ఒంట్లో బాగానే ఉన్నా పెద్దపేగులో క్యాన్సర్ ముందస్తు మార్పుల కోసం కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలి. పీఎస్‌సీ అనే పిత్తనాళాల జబ్బు కూడా ఉంటే ఆగకూడదు, అది తేలినప్పటి నుంచే ఏటా.

• జబ్బు అదుపులో ఉన్నప్పుడే తేదీ తీసుకోండి. వాపు ఉంటే అది వాపు మార్పో, క్యాన్సర్ ముందస్తు మార్పో బయాప్సీలో (చిన్న ముక్క తీసి పరీక్షించడం) కూడా తేల్చడం కష్టం.

• ఐరన్ మాత్రలు వారం ముందే ఆపమంటారు. రక్తం పలచబరిచే మందులు, షుగర్ మందులు సొంతంగా ఆపొద్దు, అడగండి.

• రెండు మూడు రోజుల ముందు నుంచి శెనక్కాయల చట్నీ, గోంగూర, జామకాయ, రాగిసంగటి బంద్. తెల్లన్నం, పలచని మజ్జిగ చాలు. సీమలో శెనక్కాయలు లేకుండా ముద్ద దిగదు, నిజమే. కానీ పేగు గోడకు ఒక్క పలుకు అంటుకున్నా దాని కింది చదునైన మచ్చ డాక్టరు కంటికి ఆనదు.

• పేగు శుభ్రం చేసే మందు రెండు విడతలు. రెండోది పరీక్షకు 4–6 గంటల ముందు. అది తాగి అనంతపురంలో కర్నూలు బస్సెక్కితే నరకమే! ముందురోజే వెళ్లి, బాత్రూము లోపలే ఉన్న రూము చూసుకోండి. చివరికి లేత పసుపు నీళ్లలా రావాలి. ఎర్రరంగు పానీయాలు వద్దు, రక్తమనుకుంటారు.

• మచ్చలు బాగా కనబడేందుకు పేగు లోపల మెథిలీన్ బ్లూ రంగు చల్లి చూస్తారేమో అడగండి. డిప్రెషన్ మాత్రలు వాడుతున్నా, జీ6పీడీ అనే ఎంజైము లోపమున్నా ముందే చెప్పాలి.

• పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.

• రిపోర్టులో డిస్‌ప్లేసియా (క్యాన్సర్ ముందస్తు మార్పు) అని వస్తే టెన్షన్‌లో ఆపరేషన్‌కు సంతకం పెట్టేయకండి. బయాప్సీ స్లైడ్లను ఇంకో పెథాలజిస్టుకు (వాటిని మైక్రోస్కోపులో చూసే డాక్టరు) చూపించండి. కనిపించే మచ్చను గొట్టంతోనే పూర్తిగా తీయగలిగితే చాలామందికి పేగు తీయాల్సిన పని ఉండదు, తనిఖీలు మాత్రం దగ్గరదగ్గరగా ఉంటాయి.