మూలనపడ్డ గ్రామఫోన్‌ను ఇంట్లో మళ్లీ పాడించడం ఎలా?

అటక మీద నుంచి గ్రామఫోన్ పెట్టె దించగానే ఎవరికైనా రెండు పనుల మీదికి చేయి పోతుంది. ఒకటి, హ్యాండిల్ గిరగిరా తిప్పి రికార్డు పెట్టేయడం. రెండు, పెట్టెకు ఉప్పుకాగితం రుద్ది వార్నిష్ కొట్టడం. రెండూ వద్దు. గట్టిపడిన గ్రీజుతో మోటారు తిప్పితే స్ప్రింగు తెగుతుంది, అరిగిన ముల్లుతో పాడిస్తే రికార్డు పోతుంది, పాత పాలిష్ గీకేస్తే పెట్టె విలువ పడిపోతుంది. ముందు మోటారు, తర్వాత సౌండ్ బాక్సు (ముల్లు కదలికను శబ్దంగా మార్చే భాగం), ఆ తర్వాత ముల్లు, వేగం. చెక్క పని అన్నిటికంటే చివర.

కొనేటప్పుడు ఏం చూడాలి?

కర్నూలు, అనంతపురం, కడప వైపు పాత ఇళ్లలో, పాత ఇనుము అంగళ్లలో ఎక్కువగా కనిపించేవి సూట్‌కేసులా మూసి తీసుకెళ్లే హెచ్.ఎం.వి. పోర్టబుల్ పెట్టెలు. 1925లో వచ్చిన 101 మోడల్, 1931లో వచ్చిన 102 మోడల్ వీటిలో ముఖ్యమైనవి. మొదటిసారి కొనేవారు వీటితోనే మొదలుపెట్టడం మంచిది. మోటారు సులువు, బాకా పెట్టె లోపలే ఉంటుంది.

తళతళలాడే పెద్ద ఇత్తడి బాకా, ఎనిమిది పలకల పెట్టె, దాని మీద కుక్క బొమ్మ అచ్చొత్తిన ఇత్తడి రేకు, ఈ మూడూ ఒకచోట కనబడితే అది ఈమధ్య తయారుచేసిన నకలే అనుకోండి. పాత పోర్టబుల్ మోటారును కొత్త పెట్టెలో బిగించి ఇలాంటివి దేశమంతా అమ్ముతున్నారు. అసలు హెచ్.ఎం.వి. పెట్టెల మీద కుక్క బొమ్మ చాలావరకు చెక్కకు అంటించిన రంగుల ట్రాన్స్‌ఫర్ బొమ్మే. హైదరాబాద్ జుమ్మేరాత్ బజారుకు వెళ్లి కొనేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

అంగట్లోనే చేయగలిగిన పరీక్షలు ఇవి. హ్యాండిల్ తిప్పితే క్రమంగా బరువెక్కాలి. ఎంత తిప్పినా ఖాళీగా తిరుగుతుంటే స్ప్రింగు తెగింది, లేదా కొక్కెం జారింది. బ్రేకు వదిలితే రికార్డు పెట్టే పళ్లెం గరగర లేకుండా తిరగాలి. తరువాత సౌండ్ బాక్సు వెనుక భాగాన్ని, దాన్ని మోసే గొట్టాన్ని (టోన్ ఆర్మ్) భూతద్దంతో చూడండి. ఇవి చాలా మోడళ్లలో జింకు మిశ్రమంతో పోతపోసినవి. ఆ లోహం ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి తనంతట తానే చీలిపోతుంది, దానికి మందు లేదు. సన్నని పగుళ్ల వల కనిపిస్తే బేరం ఎంత బాగున్నా వదిలేయండి. స్క్రూలన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. బ్రిటిష్ మరలున్న స్క్రూల చోట ఇప్పటి మిల్లీమీటరు స్క్రూలు పట్టవు, బలవంతంగా బిగిస్తే రంధ్రం పాడవుతుంది. పోయినదాన్ని లేత్ మీద చేయించుకోవాల్సిందే.

మోటారు

దేన్నీ విప్పకముందు బ్రేకు వదిలి, పళ్లెం తనంతట తాను ఆగేవరకు తిరగనివ్వండి. ఆగాక కూడా చేత్తో అదే దిక్కుకు కొన్ని చుట్లు తిప్పండి, మిగిలిన బిగువూ పోతుంది. స్ప్రింగులో బిగువు ఉండగా గవర్నర్‌ను గానీ, పళ్ల చక్రాన్ని గానీ వదులు చేయకూడదు. వేగాన్ని పట్టి ఉంచేది గవర్నరే. అది తప్పిన మరుక్షణం స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుని చక్రాల పళ్లు రాల్చేస్తుంది. వేలు అడ్డం ఉంటే అది కూడా దక్కదు.

హ్యాండిల్‌ను వెనక్కి తిప్పితే మర ఊడి బయటికొస్తుంది. పళ్లెం, పైకి పోనుపోను సన్నబడే ఇరుసు మీద బిగిసి ఉంటుంది. ఒకరు దాని అంచులను రెండు చేతులా పైకి పట్టుకుంటే, ఇంకొకరు ఇరుసు తల మీద చెక్కముక్క ఉంచి మెల్లగా తట్టాలి. కొన్ని మోడళ్లలో ఇరుసుకు చిన్న క్లిప్ ఉంటుంది, ముందు దాన్ని తీయాలి. ఆ తర్వాత మోటారు బల్ల స్క్రూలు విప్పి మొత్తాన్ని పైకెత్తండి. అడుగడుక్కీ ఫోటో తీసుకోండి. స్క్రూలను ఏ రంధ్రంలోవి ఆ రంధ్రం బొమ్మ గీసిన అట్టముక్కకు గుచ్చి ఉంచుకుంటే తర్వాత తికమక ఉండదు.

ఇప్పుడు స్ప్రింగు డబ్బీ తెరవాలా వద్దా? నిండుగా కీ ఇచ్చాక పళ్లెం మూడున్నర నిమిషాలు, అంటే 10 అంగుళాల రికార్డు ఒక వైపు పాడేంతసేపు, సమంగా తిరిగి ఉంటే దాని జోలికి పోవద్దు. మధ్యమధ్య లోపలి నుంచి ‘దబ్’మని చప్పుడు వచ్చి వేగం ఎగిరిపడుతుంటే మాత్రం తెరవక తప్పదు. గ్రీజు ఎండి తారులా మారినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని, ఒక్కసారిగా విడిపోతాయి. ఆ చప్పుడు అదే.

ఈ ఒక్క పని ప్రమాదకరం. బిగువంతా పోయిందనుకున్న స్ప్రింగు కూడా డబ్బీలో చుట్టుకుని ఉన్నంతసేపు ఎగరడానికి సిద్ధంగానే ఉంటుంది. తోలు గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకోండి. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. డబ్బీని మందపాటి గోనెసంచిలో పెట్టి, లోపలి కొసను పట్టకారుతో లాగి ఒక్కో చుట్టు చొప్పున వదలండి. ఏ దిక్కుకు చుట్టి ఉందో, బయటి కొస ఏ రివెట్‌కు తగిలించి ఉందో ముందే రాసుకోవాలి. తీసిన స్ప్రింగును, చక్రాలను కిరసనాయిలులో రెండు గంటలు నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దండి. కిరసనాయిలు దొరకకపోతే పెయింట్ల అంగట్లో అమ్మే టర్పెంటైన్ చాలు. ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి, బీడీ ఉండకూడదు. తుప్పు ఉంటే ఇత్తడి బ్రష్ వాడండి. ఉప్పుకాగితం గీతలు పెడుతుంది, స్ప్రింగు ఆ గీత దగ్గరే తెగుతుంది.

ఆరాక గ్రాఫైట్ గ్రీజును స్ప్రింగు పొడవునా పలుచగా రాయండి. ఒక్క స్ప్రింగున్న మోటారుకు 15 నుంచి 20 గ్రాములు సరిపోతుంది. ఎక్కువైతే అది కారి పెట్టెలోకి చేరుతుంది. బయటి కొసను రివెట్‌కు తగిలించి, డబ్బీని తిప్పుతూ ఒక్కో చుట్టు లోపలికి నొక్కుతూ పోవాలి. లోపలి కొస ఇరుసు కొక్కేనికి గట్టిగా పట్టాలి, పట్టకపోతే మొదటి చుట్టును పట్టకారుతో కొంచెం వంచండి. స్ప్రింగు బయటి కొస దగ్గర తెగి ఉంటే, ఆ కొసను మాత్రం ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిచ్చి కొత్త రంధ్రం వేయవచ్చు. మధ్యలో తెగితే కొత్తదే కావాలి. పాతదాని వెడల్పు, మందం వెర్నియర్‌తో కొలిచి, పొడవు టేపుతో చూసి ఆ కొలతలతోనే తెప్పించుకోండి. మందం కొంచెం తేడా వచ్చినా మోటారు తీరే మారుతుంది.

గవర్నర్ మీద మూడు గుండ్లు, ఒక్కోదానికి సన్నని పట్టీ స్ప్రింగు ఉంటాయి. పట్టీ రంధ్రం దగ్గర చీలితే పాట ఊగుతుంది, మోటారు గలగలమంటుంది. చీలినదాన్ని ఒక్కదాన్నే మార్చినా కొత్త పట్టీ మందం మిగతా రెండింటితో సమంగా ఉండాలి. గవర్నర్ ఇరుసు రెండు కొసల్లోని బేరింగులు విప్పేముందు సూదితో గుర్తు గీసుకోండి. అవి మధ్యలోంచి కాస్త పక్కకు రంధ్రం ఉన్నవి, తిప్పితే పళ్ల బిగువు మారుతుంది. మరీ బిగిస్తే మోటారు నీరసపడుతుంది, వదులైతే రొద చేస్తుంది. గవర్నర్ చక్రానికి రాసుకునే తోలు ముక్క ఎండిపోతే కీచుమంటుంది. ఒక చుక్క నూనె పీల్చుకోనివ్వండి.

బేరింగులకు కుట్టుమిషన్ నూనె, ఒక్కోదానికి ఒక్క చుక్క. కొబ్బరినూనె, ఆముదం అసలు పనికిరావు, కొన్నాళ్లకే జిగురవుతాయి. తుప్పు వదిలించే స్ప్రేను కూడా నూనెగా వాడకండి, అది ఆరిపోతుంది.

సౌండ్ బాక్సు

‘గ్రామఫోన్ గొంతు బొంగురుపోయింది’ అంటే పదిలో తొమ్మిదిసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. ముల్లు కదలికను పలుచని అభ్రకం బిళ్ల శబ్దంగా మారుస్తుంది. ఆ బిళ్లకు ముందొకటి, వెనకొకటి రబ్బరు గొట్టం చుట్లు ఉంటాయి. డెబ్బై ఎనభై ఏళ్లలో ఆ రబ్బరు కొయ్యలా గట్టిపడుతుంది. అప్పుడు బిళ్ల స్వేచ్ఛగా ఊగలేదు, హెచ్చుస్థాయి దగ్గర పాట బరబరమంటుంది. నాటక పద్యాల రికార్డులు పెడితే ఇది వెంటనే తెలిసిపోతుంది, రాగం తీసిన చోటల్లా గొంతు పగులుతుంది.

పని కొలతల మీద నడుస్తుంది. వెనుక మూడు స్క్రూలు విప్పి పాత రబ్బరును చెక్కపుల్లతో గీకి తీయండి. పట్టే గాడిని కొలవండి. ఎక్కువ సౌండ్ బాక్సులకు బయటి వ్యాసం 2 నుంచి 3 మిల్లీమీటర్లున్న మెత్తని గొట్టం సరిపోతుంది. మన వైపు బోరు మోటార్లు చుట్టే అంగళ్లకు కొదవ లేదు, అక్కడ సిలికాన్ గొట్టం అడగండి. గాజుపోగు అల్లింది ఇస్తే వద్దనండి, అది బిరుసు. సైకిల్ వాల్వ్ ట్యూబు కొలవకుండా పెట్టవద్దు. మందం ఎక్కువైతే బిళ్లను నొక్కి పట్టేస్తుంది, పాత రోగమే తిరిగొస్తుంది.

గొట్టాన్ని ఏటవాలుగా కోసి రెండు కొసలూ సరిగ్గా కలిసేలా అమర్చండి. ఖాళీ ఉంటే గాలి పోతుంది, ఒకదాని మీదొకటి ఎక్కితే బిళ్ల వంకర కూర్చుంటుంది. బిళ్ల అంచు ఎక్కడా లోహానికి తగలకూడదు. ముల్లు కడ్డీ కొన బిళ్ల మధ్య రంధ్రం దగ్గరికి తనంతట తానే రావాలి. లాగి స్క్రూ బిగిస్తే బిళ్ల ఎప్పుడూ ఒకవైపు బిగువుగా ఉండి గొంతు సన్నబడుతుంది. చివరగా ఆ చిన్న స్క్రూ చుట్టూ కరిగించిన తేనెమైనం ఒక్క చుక్క. అభ్రకంలో తెల్లటి మచ్చలు, పొరలు విడిపోవడం కనిపిస్తే కొత్త బిళ్ల కావాలి. విద్యుత్ పరికరాల్లో వాడే, ముక్కలను అతికించిన అభ్రకం రేకు పనికిరాదు. మచ్చలేని సహజ పొర, పాతదాని మందంతోనే ఉండాలి.

102తో వచ్చే కొన్ని సౌండ్ బాక్సుల్లో అల్యూమినియం బిళ్ల, కడ్డీ కింద ఆవగింజకన్నా చిన్న బాల్స్ ఉంటాయి. ఆ కడ్డీని కొత్తవారు విప్పవద్దు. నేల మీద పడితే అవి మళ్లీ దొరకవు.

టోన్ ఆర్మ్, బాకా అతుకుల్లో గాలి పోతే మంద్రస్వరం మాయమవుతుంది. కీళ్లకు చిక్కటి గ్రీజు పూస్తే చాలు. బాకా సొట్టలు తీయడానికి సుత్తి వద్దు, లోపల చెక్క దిమ్మె పెట్టి చేత్తో నొక్కండి.

ముల్లు, వేగం

78 రికార్డు అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేది, లక్క, రాతిపొడి, మసి కలిపి అచ్చు వేసింది. ఆ రాతిపొడి ఉక్కు ముల్లును అరగదీసి గాడికి సరిపోయేలా చేస్తుంది. వైపు పూర్తయ్యేసరికి కొనకు పదునైన అంచు ఏర్పడుతుంది, అదే ముల్లుతో ఇంకో వైపు పెడితే గాడిని కోస్తుంది. అందుకే ఒక్కో వైపుకు ఒక్కో కొత్త ముల్లు. ఇది పిసినారితనం చూపాల్సిన చోటు కాదు. గుండుసూది, బట్టల సూది పెడితే రికార్డు బూడిదరంగుకు తిరుగుతుంది. ఒకప్పుడు వెదురు, కాక్టస్ ముళ్లు కూడా అమ్మేవారు. తుమ్మముల్లుకు రాయలసీమలో కరువు లేదు గానీ, పెట్టెలో ఉక్కు ముల్లు ఉన్నప్పుడు ఆ ప్రయోగం అక్కర్లేదు.

ముల్లు రికార్డుతో దాదాపు 60 డిగ్రీల కోణంలో వాలి ఉండాలి. ఎదురుగా చూస్తే నిటారుగా కనబడాలి. తర్వాతి కాలపు వినైల్ రికార్డులను (ఎల్.పీ., 45) గ్రామఫోన్ మీద పెట్టకూడదు, సౌండ్ బాక్సు బరువుకు ఒక్కసారికే వాటి గాడి చిరిగిపోతుంది.

వేగం చూడటానికి రికార్డు అంచు కింద కాగితం ముక్క పెట్టి, పాట నడుస్తుండగా లెక్కపెట్టండి. అర నిమిషానికి 39 చుట్లు రావాలి. ఖాళీ పళ్లెం మీద లెక్కిస్తే తప్పొస్తుంది, ముల్లు లాగుడుకు వేగం తగ్గుతుంది. వేగం సరిచూసే 77 గీతల స్ట్రోబ్ బిళ్లను మన 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే పాత ఫిలమెంట్ బల్బు కింద తిప్పితే, గీతలు కదలకుండా నిలిచినప్పుడు వేగం నిమిషానికి 77.92 చుట్లు. చాలా ఎల్.ఈ.డీ. బల్బుల కింద ఇది కనబడదు.

చెక్క, రెక్సిన్

దుమ్ము తుడిచి, టర్పెంటైన్‌తో తడిపిన గుడ్డతో మురికి తీయండి. చాలావాటికి అంతకుమించి అవసరం రాదు. కనబడని మూలన స్పిరిట్ దూది తాకించి చూడండి, జిగటగా మారితే అది లక్క పాలిష్. అలాంటి పెట్టెకు అర లీటరు స్పిరిట్‌లో 100 గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, వడగట్టి, గుడ్డ ముద్దతో పలుచగా నాలుగైదు పూతలు వేయవచ్చు. ముసురు పట్టిన రోజు వేస్తే పూత తెల్లగా పొగచూరినట్టవుతుంది. రెక్సిన్‌కు తడి గుడ్డ, ఆపైన కొద్దిగా నల్ల బూట్ పాలిష్.

రికార్డుల సంగతి

చెక్కకు వాడిన ఆ స్పిరిట్ రికార్డు మీద పడకూడదు, శానిటైజర్ కూడా అంతే. రెండింటికీ లక్క కరుగుతుంది. గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే రుద్దండి, మధ్య లేబుల్ తడవనివ్వకండి. బోరు నీళ్లలోని ఉప్పు గాడుల్లో తెల్లగా మిగిలిపోతుంది కాబట్టి, చివరి కడుగుడుకు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్లు వాడండి. పగులున్న రికార్డును తడపవద్దు.

నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో రేకుల ఇల్లు, మిద్దె మీది గది, కారు డిక్కీ రికార్డులకు తగిన చోట్లు కావు. పడుకోబెట్టి దొంతి పేర్చితే కిందివి వంగుతాయి, నిలబెట్టి బిగుతుగా ఆనించండి. వంగినదాన్ని రెండు మందపాటి గాజు పలకల మధ్య పెట్టి, పొద్దున్నే ఎండలో పది పదిహేను నిమిషాలు ఉంచండి. మెత్తబడగానే కదపకుండా తెచ్చి నీడలో కడప బండ మీద పెట్టి, పైన రెండు మూడు కిలోల బరువు ఉంచి, పూర్తిగా చల్లారేవరకు వదిలేయండి. మధ్యాహ్నం ఎండలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. గాజు కింద వేడి చాలా త్వరగా పెరుగుతుంది, గాడులు అణిగిపోతే ఇక బాగుకావు.