పైపుల చప్పుళ్లు, 3వ పాఠం: పైవాళ్ల తలుపు కొట్టే ముందు

మొదటి పాఠంలో మన బిల్డింగులో నీళ్లు సంపు నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి కొళాయికి ఏ దారిన వస్తాయో కాగితం మీద గీసుకున్నాం. రెండో పాఠంలో వారం రోజుల పాటు చప్పుళ్లు రాయమన్నాను: ఎన్ని గంటలకి, ఏ గదిలో, ఎలాంటి చప్పుడు, ఎంతసేపు. ఆ నోటుబుక్కు ఇప్పుడు దగ్గర పెట్టుకోండి. "రాత్రి ఏదో సౌండు" అని మాత్రమే రాసినవాళ్లు ఇంకో నాలుగు రోజులు రాసి రండి. పాఠం ఎక్కడికీ పోదు.

చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చెవిని అడగొద్దు. ఎప్పుడు వస్తోందో గడియారాన్ని అడగండి, ఏది కట్టేస్తే ఆగుతోందో వాల్వుని అడగండి. ఎందుకంటే శబ్దం గాలిలో సెకనుకి సుమారు 340 మీటర్లు పోతే, కాంక్రీటులో 3000 మీటర్ల పైమాటే. పైపు ఒకచోట స్లాబుకి తగిలితే చాలు, ఆ అదురు స్లాబంతా పాకిపోతుంది, మీ బెడ్‌రూం సీలింగు మొత్తం స్పీకర్‌లా మోగుతుంది. చెవికి సరిగ్గా నెత్తి మీదే అనిపిస్తుంది. అసలు దొంగ రెండు గదుల అవతల, పైపులు దిగే సందులో (డక్టులో) ఉండొచ్చు, మీ కింది ఫ్లాట్‌లో ఉండొచ్చు, మీ ఇంట్లోనే ఉండొచ్చు.

నా సంగతే చెప్తాను. బెంగళూరు మారతహళ్లిలో మాది రెండో అంతస్తు. రాత్రి రెండున్నరకి పైన ఎవరో నీళ్లు పడుతున్నట్టు సుయ్యిమని పదిహేను సెకన్లు. మళ్లీ అరగంటకి ఇంకోసారి. పై ఫ్లాట్‌లో ఉండేది హిందూపురం నుంచి వచ్చిన రిటైర్డు మాస్టారు. రెండుసార్లు వెళ్లి మర్యాదగానే అడిగాను. మూడోసారి ఆయన తలుపు తీస్తూనే, "ఏమప్పా, మళ్లా చెవి పెట్టేదానికొచ్చినావా? ఈ వయసులో రేత్రి రెండు గంటలకి నేను స్నానం చేస్తానా?" అన్నారు. అని ఊరుకోలేదు. నాతోపాటు కిందికొచ్చి, మా బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు పక్కన దానికి నీళ్లిచ్చే చిన్న వాల్వు, యాంగిల్ కాక్, ఆయనే తిప్పి కట్టేసి వెళ్లిపోయారు. ఆ రాత్రి చప్పుడు లేదు.

మా ఫ్లష్ ట్యాంకు అడుగున రబ్బరు అరిగిపోయింది. నీళ్లు కంటికి కనపడకుండా కమోడ్‌లోకి జారిపోతున్నాయి. మట్టం తగ్గినప్పుడల్లా ఫ్లోటు కిందికి దిగుతోంది, ట్యాంకు తనంతట తానే నింపుకుంటోంది. మర్నాడు బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ చేయకుండా కూర్చున్నాను. పావుగంటలో కమోడ్‌లో నీళ్లు నీలంగా తిరిగాయి. సాయంత్రం మైసూర్‌పాక్ పట్టుకుని పైకి వెళ్లాను.

కాబట్టి మొదటి పని మన ఇల్లు కట్టేసి చూడటం. గీజరు స్విచ్ ఆపి, చప్పుడొచ్చే వేళకి ముందే ఫ్లాట్‌కి వచ్చే వాల్వులన్నీ మూసేయండి. 'అన్నీ' అన్నమాట గట్టిగా పట్టించుకోవాలి. చాలా అపార్టుమెంట్లలో ఒక్కో బాత్రూముకి విడిగా ఒక గేట్ వాల్వు, వంటింటికి ఇంకోటి ఉంటాయి. ప్రతి కొళాయీ తిప్పి చూసి, చుక్క రాకపోతేనే కట్టినట్టు లెక్క. అప్పుడూ చప్పుడు వస్తే అది మీ ఇంట్లో నీళ్లది కాదు. ఇక పైకి వెళ్లొచ్చు, తప్పులేదు.

పైవాళ్లతో చేసే పరీక్షకి ఇద్దరు కావాలి. పైన ఒకరు, కింద మీరు, ఇద్దరి గడియారాలూ ఒకే టైము చూపించాలి. పైనున్నవాళ్లు వంటింటి కొళాయి, సింకు, ఫ్లష్, షవరు, హెల్త్ ఫాసెట్, వాషింగ్ మెషిన్ తమకు తోచిన వరసలో వాడుతూ టైము రాసుకోవాలి. ఏది తిప్పారో మీకు ఫోన్లో చెప్పకూడదు. చెప్తే మీకు వినపడనిది కూడా వినపడుతుంది, నేను ఆ తప్పు చేశాను. మీరు కింద విన్నది మాత్రం రాసుకోండి. పావుగంట తర్వాత రెండు కాగితాలు పక్కపక్కన పెడితే దొంగ దొరుకుతాడు.

మాకు రెండో చప్పుడు ఇలాగే దొరికింది. వారానికి రెండుసార్లు, పదిన్నర ప్రాంతంలో, సుత్తితో గోడ మీద కొట్టినట్టు ధన్! కాసేపాగి మళ్లీ ధన్. కాగితాలు కలిపితే రెండుసార్లూ మాస్టారింటి వాషింగ్ మెషిన్ నీళ్లు పట్టడం ఆపిన క్షణమే. చేత్తో కొళాయి కట్టేటప్పుడు మెల్లగా కడతాం. మెషిన్ లోపలి కరెంటు వాల్వు కన్ను మూసేలోపు కట్టేస్తుంది. పరిగెత్తుతున్న నీటికి బ్రేకు వేస్తే ఆ ఊపు ఎక్కడికి పోతుంది? పైపుని తంతుంది. 1898లో మాస్కో నీటి సరఫరా పైపుల మీద ప్రయోగాల ఫలితాలు ప్రచురిస్తూ రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ దీని లెక్క తేల్చాడు: ఒక్కసారిగా ఆపితే దెబ్బ ఎంత గట్టిదన్నది నీరు ఎంత వేగంగా వస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. సెకనుకి ఒక మీటరు వేగంతో వస్తున్న నీటిని టక్కున ఆపితే, ఇనుప పైపులో ఆ క్షణానికి చదరపు సెంటీమీటరుకి సుమారు 13 కిలోల ఒత్తిడి అదనంగా పుడుతుంది. ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కాబట్టి అందులో సగం కూడా ఉండదు. అయినా కొళాయికి 12 మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే మామూలుగా వచ్చే ఒత్తిడి 1.2 కిలోలే, పోల్చుకోండి.

మన పరీక్ష కూడా ఈ లెక్కలోనే ఉంది. మెషిన్‌కి నీళ్లిచ్చే కొళాయిని సగానికి తిప్పించండి. వేగం తగ్గుతుంది, ధన్ కూడా తగ్గాలి. తగ్గితే కేసు తేలినట్టే. నీళ్లు నిండటానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది, అంతే.

తెల్లవారుజామున ఒక్కసారే ధన్ అని, పైవాళ్లు నిద్రలో ఉంటే, వాచ్‌మన్‌ని మోటారు ఎప్పుడు ఆపాడో అడగండి. మోటారు ఆగగానే ఎక్కే పైపులో నీళ్లు వెనక్కి పడి, వాటిని వెనక్కి పోనివ్వని వాల్వు (ఎన్ఆర్‌వీ) తలుపు ధడాలున మూసుకుంటుంది.

టిక్, టిక్ మని గోరుతో కొట్టినట్టుంటే వేడినీళ్ల పైపు. 3 మీటర్ల సీపీవీసీ (వేడినీళ్లకి వాడే ప్లాస్టిక్) పైపులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి వెళ్తే పైపు సుమారు 7 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. క్లాంపు గట్టిగా పట్టుకుంటే పైపు ఆగి ఆగి జారుతుంది, జారినప్పుడల్లా టిక్. స్నానం అయిపోయాక, చల్లారేటప్పుడు కూడా వస్తుంది, అదే దీని గుర్తు.

పైన ఫ్లష్ చేసినప్పుడు మీ బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింది నహానీ ట్రాప్ గుడగుడమంటే చప్పుడు సంగతి తర్వాత, ముందు వాసన చూడండి. డ్రైనేజీ పైపుకి పైన గాలి దారి మూసుకుపోతే, అది మీ ట్రాప్‌లోని నీటిని లాగేస్తుంది. ఆ 50 మిల్లీమీటర్ల నీళ్లే మురికి వాసనకీ బొద్దింకలకీ అడ్డం.

ఇంకా తేలకపోతే పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకోండి. కొస పైపు మీద, పిడి చెవి ముందున్న ఎముక మీద ఆనించండి, చెవి లోపల కాదు. బాత్రూం పైపు, వంటింటి పైపు, ఏది గట్టిగా వినిపిస్తే అటు జరగండి. చెవిని అడగొద్దన్నానుగా? ఇక్కడ అడుగుతున్నది దిక్కు కాదు, ఎక్కువా తక్కువా అన్నదే. డక్టులోకి వంగి వినే సాహసాలు మాత్రం వద్దు.

వచ్చే పాఠంలో క్లాంపులు వదులు చేయడం, వాషింగ్ మెషిన్ దగ్గర దెబ్బ తగ్గించే గొట్టం పెట్టడం. ఈలోగా మీ ఇల్లు ఒక రాత్రి కట్టేసి చూడండి, నీలిమందు పరీక్ష చేయండి, పైవాళ్లతో పావుగంట టైము మాట్లాడుకోండి. ఆదివారం భోజనాలయ్యాక మాత్రం అడగొద్దు.