పిహెచ్‌డి చేసే రోజుల్లో రాతను అలవాటు చేసుకోవడం ఎలా

తెలుగు సాహిత్యంలోనో చరిత్రలోనో పరిశోధనకు చేరినవారిలో చాలామంది మొదటి ఏళ్లు చదవడానికి, చివరి ఏడాది రాయడానికి అని మనసులో కాలాన్ని పంచుకుంటారు. ఈ పంపకం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. చదివినదాన్ని వెంటనే సొంత మాటల్లో రాసుకోకపోతే, చివరికి మిగిలేవి జిరాక్సు కట్టలూ, ఎందుకు తీశామో గుర్తులేని ఫోటోలూ మాత్రమే. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పిహెచ్‌డికి కోర్సువర్కుతో (మొదట్లో చదవవలసిన పాఠాలతో) కలిపి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠ గడువు ఆరేళ్లు. చేరిన రోజున ఆరేళ్లంటే ఎంతో కాలంగా తోస్తుంది గాని, కోర్సువర్కు, సెమినార్లు, ఇంటి బాధ్యతలు పోగా చేతిలో మిగిలేది తక్కువే.

అందుకని రోజులో ఒక గంటన్నరను రాతకే కేటాయించుకోవాలి. హాస్టల్లో ఉండేవారికి మెస్సులో టిఫిన్‌కు ముందు సమయం అనువుగా ఉంటుంది. ఆ వేళ ఫోన్ పక్క గదిలో ఉంటే మరీ మంచిది. రోజుకు 300 పదాలు చాలు. వారానికి అయిదు రోజులు, ఏడాదిలో 40 వారాలు ఇలా రాస్తే 60,000 పదాలవుతాయి. అందులో సగం కొట్టివేసినా రెండు మూడు అధ్యాయాలకు సరిపడే సరుకు మిగులుతుంది. ఏమి రాయాలో తోచనప్పుడు, నిన్న చదివినదానిలో నాకు కొత్తగా తేలినదేమిటి అన్న ప్రశ్నకు జవాబు రాయండి. అప్పుడే వాక్యాలు చెక్కుతూ కూర్చోవద్దు. లేచే ముందు మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క వాక్యంలో గుర్తు పెట్టుకుంటే, మర్నాటి ఉదయం తడుముకోనక్కరలేదు.

రాత సాఫీగా సాగడం నోట్సు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలోనో, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో పాత పత్రికలు తిరగేసేటప్పుడు, విషయం రాసుకోవడానికి ముందే పత్రిక పేరు, సంపుటం, సంచిక, నెల, పుట సంఖ్య రాసుకోవాలి. నేను ఒకసారి పుట సంఖ్య వదిలేసి, ఆ ఒక్క అంకె కోసం రాత్రి రైలెక్కి మళ్లీ వెళ్లవలసి వచ్చింది. పాత పత్రికల్లో తెలుగు సంవత్సరం పేరు కనిపిస్తే దాన్నీ, ఇంగ్లీషు సంవత్సరాన్నీ రెండింటినీ రాసుకోండి. ఉగాదితో మారే సంవత్సరం జనవరితో మారే సంవత్సరంతో సరిగా కుదరదు. 1924 జనవరిలో మొదలైన భారతి పత్రిక తొలి సంచికలు రుధిరోద్గారి సంవత్సరానివి. ఆ ఏడాది ఉగాది తర్వాత వచ్చినవి రక్తాక్షి సంవత్సరానివి. పేరు చూసి తొందరలో ఒక అంకె వేసేస్తే ఏడాది తేడా వస్తుంది, ఆ తేడాతో ఏది ముందు ఏది వెనుక అన్న వాదనే తలకిందులవుతుంది.

ఇతరుల వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుంటే, నోట్సులోనే కొటేషన్ గుర్తులు పెట్టండి. ఆరు నెలల తర్వాత అది ఎవరి వాక్యమో మనకే తెలియదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం గ్రంథచౌర్యం తనిఖీలో పోలిక పది శాతం దాటితే సవరించి మళ్లీ సమర్పించవలసి వస్తుంది, అరవై శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. శిక్ష మాట అటుంచినా, ఒకరి శ్రమను తెలియకుండానైనా మన పేరున చేర్చుకోవడం తప్పే.

టైపింగ్ విషయంలో మొదటి రోజు నుంచే యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి) వాడండి. యూనికోడ్ కాని "అను" అనే పాత ఫాంట్లలో కొట్టించిన అధ్యాయంలో ఒక కవి పేరు వెతకాలన్నా మామూలుగా దొరకదు, వేరే కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు మారిపోతాయి.

గైడుకు అధ్యాయం పూర్తయ్యేదాకా ఏమీ చూపకుండా ఉండటం పెద్దవారి మీద గౌరవం అనుకుంటాం. పది పుటలైనా సరే నెలకొకసారి పంపండి. దారి తప్పితే పదో పుటలోనే తెలుస్తుంది, నూరో పుటలో తెలిస్తే దిద్దుకోవడం కష్టం. పంపే ముందు వేరే శాఖలో చదివే హాస్టల్ స్నేహితులెవరికైనా అందులో రెండు పుటలు బిగ్గరగా చదివి వినిపించండి. వారు మధ్యలో ఆపి "అంటే ఏమిటి?" అని అడిగిన చోట పెన్సిలుతో గీత పెట్టుకుని, మర్నాటి ఉదయం రాతను అక్కడి నుంచే మొదలుపెట్టండి.